గోడ నిండెను గాని

మా ఆయన తాపీ మేస్త్రి. ఈ చుట్టుపక్కల సగం ప్రహరీ గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. అయినా మా వీధిలో ఎవరూ ఆయన్ని తాపీ మేస్త్రి అనరు, ‘నిండుపాదం మేస్త్రి’ అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు టీ కొట్టు ఆయన. ఒకరోజు ఆ కొట్లో రేడియోలో ఎవరో పద్యం చదువుతున్నారట. పాదం చివరికి వస్తుండగా కరెంటు పోయింది. టీ తాగడం అయిపోయిన మనిషి హాయిగా పనికి పోవాలా వద్దా? ఈయనగారు ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడట. “పాదం సగంలో ఉంది, కరెంటొచ్చాక వెళ్తాను” అన్నాడట. కరెంటు వచ్చేసరికి రేడియోలో వార్తలు! ఆ రోజంతా చెప్పులో రాయి పడ్డవాడిలా ఇల్లంతా తిరిగాడు. నేను చూస్తూనే ఉన్నాను.

అసలు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెబుతాను. కుర్రతనంలో ఒక మాస్టారింట్లో గది కట్టడానికి వెళ్ళాడట. మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని పుస్తకం పైకి చదివేవాడు, ఈయన లోపల గోడ లేపుతూ వినేవాడు. వినగా వినగా తనకు తానే ఒక లెక్క కట్టుకున్నాడు. సాగదీసో నొక్కో పలికే అక్షరం పొడుగ్గా పెట్టిన ఇటుక. చప్పున పలికేది అడ్డంగా పెట్టిన ఇటుక. వాటితో మూడు పెద్ద అడుగులు వేయాలి, చివర ఒక చిన్న అడుగు. ఆ చిన్న అడుగు పడితే పాదం నిండినట్టు. దాన్ని ద్విపద పాదం అంటారని మాస్టారే చెప్పాడట. ఒక్క అక్షరం తగ్గినా, ఒక్కటి ఎక్కువైనా, మట్టం తప్పిన గోడ కింద నిలబడ్డట్టు ఉంటుంది అనేవాడు. నాకైతే ఏ గోడ కింద నిలబడ్డా నీడ ఉంటే చాలనిపించేది.

అప్పట్లో నేను ఇటుకలు అందించే కూలీని. ఆయన పైన పరంజా కర్రల మీద, నేను కింద బల్ల మీద. మిగతా మేస్త్రీలు ఇటుక చేతిలో పడితే చాలనుకుంటారు. ఈయనకి అలా కుదరదు. “పొడుగు, అడ్డం, పొడుగు... అడ్డం, అడ్డం, పొడుగు, అడ్డం...” అని పిలుస్తూ ఉంటే ఆ ప్రకారం తిప్పి అందించాలి. గోడలో అవి ఎలా కూర్చోవాలో అలాగే కూర్చోబెట్టేవాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. అందుకోవడం మాత్రం తన పాట ప్రకారం. కొన్నాళ్ళకి నా చేతులు వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్రలో కూడా ఇటుకలు వచ్చేవి. గాల్లో తేలుతూ ఒకదాని వెనక ఒకటి, కొన్ని పొడుగ్గా, కొన్ని అడ్డంగా, చప్పుడు లేకుండా పైకి వెళ్ళిపోయేవి. ఆ కలలో గోడకి చివర ఉండేది కాదు. పొద్దున్నే లేచి ఆయన్ని నాలుగు తిట్టుకుని పనికి వెళ్ళేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం. నెత్తి మాడిపోతోంది. పైనుంచి ఈయన గొంతు వినిపించింది:

“ఎండలో నిలిచిన ఇంతికీ...”

అని ఆపి, తాపీ గాల్లో పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సగం ఎండకి, సగం ఆ ‘ఇంతి’కి.

“గొడుగు!” అని అరిచాను.

తాపీ చేతిలోంచి జారి నా పక్కనే పడింది. “నిండింది! పాదం నిండింది!” అని పరంజా మీద గంతులు. మిగతా కూలీలు కడుపు పట్టుకుని నవ్వారు. మర్నాడు నల్ల గొడుగు ఒకటి తెచ్చి, నా ముఖం చూడకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. గొడుగు పుచ్చుకున్నాను. ఆ తరవాత ఆయన్ని కూడా పుచ్చుకోక తప్పలేదు.

అప్పటినుంచీ మా ఇంట్లో అదే వరస. పెద్ద అడుగులు మూడూ ఆయనవి, చివరి చిన్న అడుగు నాది. ఎక్కడున్నా సరే, పాదం ఎత్తుకుని చివర ఆపేస్తాడు. నేను వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా, ఆఖరికి సగం నిద్రలో ఉన్నా ఏదో ఒక ముక్క విసరాలి. విసరకపోతే కాలు గాలిన పిల్లిలా నా చుట్టూ తిరుగుతాడు. “వాన వచ్చెను తాపి వదిలేసి...” అంటే “రండి!” అనేదాన్ని. ఒకసారి మేడ మీద పడుకుని ఆకాశం చూస్తూ, “మబ్బు మేడకు మెట్లు మలిచేది...” అన్నాడు. ఆయన మనసులో ‘ఎవరు’ అని ఉంది. నేను “మరిది!” అన్నాను. మా మరిది పక్క వాటాలోనే ఉంటాడు, ఆయన కూడా తాపీ మేస్త్రే. ఒక మెట్టు కట్టడానికి ఒక పూట నిద్రపోయే రకం. మా ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ నవ్వయ్యాక నేను ఇచ్చిన ముక్క కలుపుకుని పాదమంతా మళ్ళీ మొదటినుంచీ అనేవాడు. అప్పుడుగానీ ఆయన ప్రాణం కుదుటపడేది కాదు.

నేను మాత్రం ఎన్నడూ పాదం మొదలుపెట్టలేదు. నాకు చేతకాదు. ఆయన తలుపు దాకా నడిపిస్తే గడప దాటేదాన్ని, అంతే.

పనిలోనూ అదే. ఏ గోడైనా అయిపోవస్తుంటే చివరి ఇటుక నా చేత పెట్టించేవాడు. నేను వంకరగా పెట్టేదాన్ని. తాపీ పిడితో రెండు దెబ్బలు వేసి సరిచేసుకునేవాడు. నా మోకాళ్ళు మొరాయించి పని మానేశాక ఆ ముచ్చట పోయింది. ఆయన ఎవరెవరి గోడలో కట్టడం, నేను ఇంట్లో భోజనం మూత పెట్టుకుని కూర్చోవడం. ఊరందరికీ గోడలు కట్టినవాడికి సొంత ఇంటి వెనక గోడకి మాత్రం తీరిక దొరకలేదు. అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది.

చివరికి మొన్న చలికాలం పోతుండగా మొదలుపెట్టాడు. ఎవర్నీ సాయం రానివ్వలేదు. తనే సిమెంటు మాలు కలుపుకుని, తనే ఇటుకలు తడుపుకుని, మెల్లగా, ముద్దుగా లేపాడు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. లేత ఎండలో ఇటుక ధూళి ఎర్రగా తేలేది. తాపీ చప్పుడు టక్, టకటక అని వచ్చేది. ఆ చప్పుడుకి నాకు నిలబడే కునుకు పట్టేది. ఇల్లంతా ఏదో నీళ్ళ మీద కదులుతున్నట్టు, మేమిద్దరం పడుచువాళ్ళం అయిపోయినట్టు ఉండేది.

గోడ అయిపోయే రోజు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కిటికీలోంచి ఆయన గొంతు:

“గోడ నిండెను గాని కొసకింక...”

ఆగింది. నా వంతే కదా అనుకున్నాను. పొద్దున్నుంచీ ఎండలో ఉన్నాడు, టీ చల్లారిపోతోంది. “చాలు!” అని కేకేశాను. నవ్వు వినపడలేదు. పాదం మళ్ళీ అననూ లేదు. “చాలు, కాళ్ళు కడుక్కుని రండి” అన్నాను. అప్పటికీ ఏమీ లేదు. పరిగెత్తి వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయి ఉన్నాడు. మూతి ఒక పక్కకి జారింది. ఒళ్ళో ఒక ఇటుక. గోడ పై వరసలో, పెరటి గేటు స్తంభం పక్కన, సరిగ్గా ఆ ఇటుక పట్టేంత ఖాళీ.

లోకంలో ఏ పెళ్ళాం అయినా మొగుడి మాట మధ్యలో ఆగిపోతే ఏమైందని పరిగెత్తుకెళ్తుంది. మా ఇంట్లో మాట మధ్యలో ఆగితే నన్ను పిలిచినట్టు. అందుకే నాకు తెలియలేదు. ఆయన ఆ ముక్క నాకోసం వదిలాడా, లేక ఆ ముక్క దగ్గరే నోరు పడిపోయిందా? వదిలినా, పోయినా, ఆ చోట ఆయన మనసులో ఉన్న మాట ఏమిటి? ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చుని ఇదే ఆలోచించాను. మనిషి బతుకుతాడో లేదో తెలియనప్పుడు నాకు ఈ ఆలోచన ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

బతికాడు. కుడి చెయ్యీ, కుడి కాలూ మొద్దుబారాయి. మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది. కళ్ళతో నవ్వుతాడు, కళ్ళతోనే కసురుతాడు. నోరు తెరిస్తే మాత్రం గాలి, లేకపోతే గొంతులో ఒక మూలుగు.

ఇంటికి ఒక అమ్మాయి వచ్చి మాటలు నేర్పేది. ‘మాటల డాక్టరు’ అంటాం మేము. ఓపికగల పిల్ల. బొమ్మలు చూపించి “ఇదేంటి పెద్దనాన్నా, చెప్పండి, కు... కుర్చీ” అనేది. ఆయన ఆ బొమ్మకేసి, ఆ పిల్లకేసి చూసి మూలిగేవాడు. వెళ్ళేటప్పుడు ఒకరోజు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

“పెద్దమ్మా, దాచను. మొదటి నెలల్లో ఎంత వస్తే అంత. ఇప్పటిదాకా ఒక్క ముక్క కూడా రాలేదు. ఇలాగే ఉంటే తరవాత కష్టం.”

“ఇంకేం దారి లేదా తల్లీ?”

“మామూలు మాట పోయినా కొందరికి పాటో పద్యమో మిగులుతుంది. మాటకంటే అది ముందొస్తుంది. ఆయనకి ఏమైనా వచ్చా?”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఆయనకి అది తప్ప ఏదీ రాదమ్మా” అన్నాను.

ఆ మధ్యాహ్నమే మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. మా గది పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి నేల మీద పరుచుకుంటుంది. కిటికీ గట్టు మీద ఆ రోజు ఆయన ఒళ్ళో దొరికిన ఇటుక పెట్టాను. పాత పాదం ఒకటి, ఎప్పుడో తెల్లవారుజామున ఆయన అన్నది, గుర్తు తెచ్చుకుని అన్నాను:

“దీపమారెను గాని తెల్లార...”

అక్కడ ‘లేదు’ అనాలి. ఆయన కళ్ళు వెడల్పయ్యాయి. ఎడమచెయ్యి మంచం పట్టె మీదికి వచ్చింది. ఒకటి సాగదీసి, ఒకటి చప్పున, రెండు దెబ్బలు వేసింది. పొడుగు, అడ్డం. లే-దు! దెబ్బలు పడ్డాయి గానీ నోరు కదల్లేదు. పాదం ఎక్కడ ఆగిందో, ఎంత మిగిలిందో ఆ చేతికి తెలుసు. మనిషి లోపల ఎక్కడికీ పోలేదు, గోడ అవతల ఉన్నాడు. ఆ దెబ్బలు వింటూ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంత సంతోషం, అంత ఏడుపు ఒక్కసారిగా నాకు ఎప్పుడూ రాలేదు.

తరవాత మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. గుర్తున్న పాదాలన్నీ అనేశాను. “వదిలేసి...” అనగానే చెయ్యి ‘రండి’ని కొట్టేది. నోరు ఊరుకునేది. పాత సరుకు అయిపోయింది. ఇక కొత్తవి కట్టాలి. కట్టాల్సింది ఎవరు? నేను! ఆయన బుర్ర తింటున్నాడని ఇన్నేళ్ళూ గోల పెట్టినదాన్ని, ఇప్పుడు నా బుర్ర నేనే తినడం మొదలుపెట్టాను.

“కిటికీలో కాకి కూర్చుంది” అన్నాను మొదటిసారి. ఆయన చెయ్యి రెండు దెబ్బలు వేసి గాల్లో ఆగిపోయింది. ముఖం చేదు మందు మింగినట్టు పెట్టాడు. “ఏం, కాకి బాగాలేదా?” అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి అన్నాను, అదీ కుంటింది. నాకు చెవితో తెలియదు. అందుకని పాత పద్ధతి పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని కింద బల్ల మీద నిలబడ్డాననుకుని, లేని ఇటుకలు చేతులతో తిప్పుతూ అక్షరం అక్షరం అందించేదాన్ని. తలుపు సందులోంచి మా మరిది చూసి, “వదినా, నువ్వు కూడానా!” అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

అలా చేతులు తిప్పుతూ తిప్పుతూ కునుకు పట్టేది. కలలో పాత పరంజా, దాని మీద ఆయన, చుట్టూ మబ్బులు. కింద నేల కనపడదు. నేను అందించిన ఇటుక ఆయన అందుకుంటాడు గానీ అది ఆయన చేతిలోకి రాగానే పావురమై ఎగిరిపోతుంది. “ఇంకోటి” అంటాడు. ఆ కలలో ఆయన గొంతు ఉంటుంది. అందుకోసమే కొన్నాళ్ళు నేను కావాలని పడుకున్నాను.

ఒకరోజు మందు తాగడానికి మొండికేశాడు. గ్లాసు తోసేశాడు, నా చీరంతా పాడైంది. మాటల డాక్టరు నేర్పిన ముక్కలన్నీ పొద్దున్నుంచీ చెప్పి చెప్పి ఉన్నాను. తల ప్రాణం తోకకొచ్చింది.

“ఇన్ని చెప్పిన కూడ ఇంతేన మీరు!” అని అరిచాను.

ఆయన మొండితనం మాయమైంది. చెయ్యి మంచం పట్టె మీద పరిగెత్తింది. పొడుగు, అడ్డం, పొడుగు. అడ్డం, అడ్డం, పొడుగు, అడ్డం. పొడుగు, పొడుగు, అడ్డం. పొడుగు, అడ్డం. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా కుంటలేదు. సగం మూతితో నవ్వాడు. నేను పాదం కట్టాను! కోపంలో, మందు మరకల చీరతో, నిండు పాదం! గర్వంతో మంచం చుట్టూ ఒక చుట్టు తిరిగాను.

తిరిగి కూర్చున్నాక తెలిసింది. పాదం నిండిపోయింది, ఆయనకి చోటు లేదు. నేను నింపేస్తే ఆయన ఏం పలుకుతాడు? అప్పుడు నాకు ఆయన ఇన్నేళ్ళూ చేసిన పని అర్థమైంది. చేతకాక ఆపేవాడు కాదు. నాలుక చివరిదాకా వచ్చిన ముక్కని పట్టి ఆపి, నాకోసం అట్టే పెట్టేవాడు. ప్రతి పూటా, ప్రతి పాదానికీ.

ఆపడం నేర్చుకున్నాను. “పాలు పొంగెను పొయ్యి పాడైంది...” అని పళ్ళు బిగించి ఆగేదాన్ని. ‘చూడు’ అనడానికి ఆయన పెదవులు ముందుకు వచ్చేవి, ‘చ్...’ అని గాలి వచ్చేది, అక్కడే పోయేది. డాక్టరమ్మాయి అది చూసి సంబరపడింది గానీ ఆ వారం, పై వారం కూడా గాలే. నెలలు కరిగిపోతున్నాయని ఆ పిల్ల ముఖంలో కనిపించేది, నాకు చెప్పేది కాదు.

ఒక్క పాదం మాత్రం నేను ముట్టుకోలేదు. గోడ పాదం. నా దగ్గర మిగిలిన ఆఖరి ఇటుక అదే. అదీ అనేశాక ఆయన నోరు కదలకపోతే ఇంక నేను పట్టుకోవడానికి ఏముంటుంది? ఆయన మళ్ళీ మాట్లాడతాడా లేదా అన్నది ఎవరైనా చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. ఆ చోట ఉన్న మాట ఏమిటో మాత్రం ఆయనే చెప్పాలి. ఆయన చెప్పకుండా పోతే ఆ సందేహం నాతో పాటు కట్టెల్లోకి వస్తుంది. అందుకే భయం.

అటు మా మరిదికి ఆ గోడ సంగతి పట్టుకుంది. “పన్ను ఊడినట్టు ఆ సందేమిటి వదినా! ఒక్క ఇటుక పెట్టేస్తే పూత వేసేయొచ్చు” అనేవాడు. “దాని జోలికి వస్తే ఊరుకోను” అనేదాన్ని. నాకు పిచ్చెక్కిందని మరిది నా వెనక వేలితో బుర్ర మీద సున్నా చుట్టేవాడని నాకు తెలుసు.

మొదటి మబ్బు పట్టిన రోజు పొద్దున్న మా ఆయన్ని కుర్చీలో పెరట్లో కూర్చోబెట్టాను. గాలి చల్లగా ఉంది. మట్టి వాసన దూరం నుంచి వస్తోంది. నేను దుప్పటి తెద్దామని లోపలికెళ్ళి వచ్చేసరికి మరిది స్టూలు వేసుకుని గోడ దగ్గర ఉన్నాడు. మాలు కలిపాడు, ఖాళీని తడిపాడు, చేతిలో కొత్త ఇటుక. ఏడాదంతా నిద్రపోయే మనిషికి ఇవాళే మెలకువ రావాలా!

“ఏం చేస్తున్నావు నువ్వు?”

“వదినా, అరవకు. వాన ఇవాళో రేపో. ఆ సందులోంచి నీళ్ళు దిగితే గోడంతా పాడవుతుంది. అన్నయ్య కష్టం కాదూ?”

“ఆ చోటు నీది కాదు, దిగు!”

“మరెవరిది?”

“నాకు తెలిస్తేగా! ఆ రోజు మీ అన్నయ్య అన్న పాదం నిండలేదు. అది నిండాకే గోడ.”

“ఏం పాదం వదినా? ఆ చోట ఏముంటుంది? ఇటుకే ఉంటుంది. అదేగా పెడుతున్నాను!” అని తాపీతో మాలు పరిచాడు. ఆ తాపీ గీసుకున్న చప్పుడుకి కుర్చీలో మా ఆయన తల ఎత్తాడు.

నాకు ఆ క్షణంలో భయం కంటే కోపం ముందొచ్చింది. ఇన్నాళ్ళూ గుండెలో దాచుకున్నదాన్ని ఆ మరిది మీద కోపంతో గట్టిగా అనేశాను:

“గోడ నిండెను గాని కొసకింక...”

అక్కడ ఆగాను. కుర్చీ చెక్క మీద దెబ్బలు వినపడతాయని చూశాను. పొడుగు, అడ్డం. అదైనా వస్తుంది కదా ప్రతిసారీ. రాలేదు. ఆయన చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది. అయిపోయింది అనుకున్నాను. నా ఆఖరి ఇటుక కూడా జారిపోయింది అనుకుని అక్కడే గోడ మొదట్లో చతికిలబడ్డాను.

“నువ్వు.”

గొంతు బొంగురుగా ఉంది, తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు. మరిది స్టూలు మీదినుంచి దూకి, “అన్నయ్యా! మాట్లాడావా? నన్నేగా? నన్నే పెట్టమన్నావు కదూ!” అని ఏడుస్తూ, నవ్వుతూ మళ్ళీ ఇటుక పుచ్చుకుని స్టూలు ఎక్కబోయాడు. మా ఆయన ఎడమచెయ్యి చాచి తమ్ముడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. నా వైపు తిరిగాడు. మళ్ళీ అన్నాడు.

“నువ్వు.”

గోడ నిండెను గాని కొసకింక నువ్వు. అంతే. కొస ఇటుక పెట్టడానికి రమ్మని ఆ రోజు నన్ను పిలిచాడు. పని మానేసి నేను మరిచిపోయిన ముచ్చట ఆయన మరిచిపోలేదు. సొంత గోడకి ఎవర్నీ సాయం రానివ్వకుండా అక్కడిదాకా తెచ్చి, ఒక్క ఇటుక చోటు నాకు అట్టే పెట్టాడు.

“ఈ ఒక్క ముక్కకా నన్ను ఇన్నాళ్ళు ఏడిపించారు!” అని ఆయన మోకాళ్ళు పట్టుకుని బావురుమన్నాను. తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఆయన సగం మూతి నవ్వుతూనే ఉంది.

తరవాత లోపలికి వెళ్ళి కిటికీ గట్టు మీది ఇటుక తెచ్చాను. తొట్టిలో ముంచి తడిపాను. మరిది ఒక చెయ్యి పట్టుకుంటే, మోకాళ్ళు కలుక్కుమంటుంటే స్టూలు ఎక్కాను. లెక్కకి ఆ రోజు నా ‘చాలు’ కూడా సరిపోయినట్టే. ఒక పొడుగు, ఒక అడ్డం. కానీ నేను వంటింట్లోంచి మాట పంపాను, ఆయనకి కావలసింది మనిషి. ఇటుకని మాలులో కూర్చోబెట్టి అరచేతితో నొక్కాను. మొదటి చినుకు నా చేతి మీద పడింది.

కిందికి దిగి, “ఎలా ఉంది?” అని అడిగాను.

ఆయన గోడకేసి చూశాడు. పెదవులు మాట కోసం వెతుక్కున్నాయి.

“వంకర” అన్నాడు.

“వంకరైతే వంకర! లేచి వచ్చి మీరే సరిచేసుకోండి” అని తాపీ ఆయన ఒళ్ళో పెట్టాను.